ముందు ఆ మూత చూడండి

ఈమధ్య మనవాళ్ళలో పాత కార్ల పిచ్చి బాగా కనిపిస్తోంది. వారమంతా కీబోర్డు కొట్టే చేతులకి శనివారం పూట కాస్త గ్రీజు అంటితే అదో తృప్తి. మంచిదే. కానీ కారు కొనడానికి వెళ్ళినప్పుడు ఏం చూస్తారయ్యా అంటే, రంగు చూస్తారు, సీట్లు తడుముతారు, ఇంజిన్ చప్పుడు వింటారు, ఓడోమీటర్ మీద అంకె చూసి తలూపుతారు. నన్నడిగితే అన్నిటికంటే ముందు చూడాల్సింది ముందు చక్రాల మధ్యనుండే డస్ట్ క్యాప్.

అదో చిన్న రేకు మూత, అంతే. బేరింగులోకి దుమ్మూ నీళ్ళూ పోకుండా, గ్రీజు బయటికి రాకుండా కాపాడుతుంది. మరలుండవు, బోల్టులుండవు. హబ్బులోకి బిగువుగా దిగి ఆ పట్టుతోనే నిలబడుతుంది. అందుకే ఇంతకుముందు దాన్ని ఎవడెలా పీకాడో, ఎలా కొట్టాడో ఆ రేకు మీదే రాసుంటుంది.

ఫోక్స్‌వాగన్ బీటిల్‌నే తీసుకోండి. దాని ఇంజినూ గేరుబాక్సూ వెనక, స్పీడోమీటరేమో ముందు. మరి కేబుల్‌ని ఏది తిప్పాలి? ఎడమవైపు ముందు చక్రం. ఆ ఇరుసు బోలుగా ఉంటుంది. కేబుల్ దాంట్లోంచి వచ్చి, దాని నలుపలకల కొస క్యాప్ మధ్యనున్న నలుపలకల రంధ్రంలో దూరుతుంది. బయట ఒక స్ప్లిట్ పిన్నో, చిన్న క్లిప్పో ఉంటుంది. చక్రంతో క్యాప్ తిరుగుతుంది, క్యాప్‌తో కేబుల్. ఆ పిన్ను ఊడి కేబుల్ లోపలికి జారితే స్పీడోమీటర్ ముల్లు పడుకుంటుంది, ఓడోమీటరూ ఆగిపోతుంది. అంటే మీరు తలూపిన ఆ అంకె, ఈ రేకు మూత ఎన్నాళ్ళు సరిగ్గా ఉందో అన్నాళ్ళ లెక్క మాత్రమే :)

తీసే పద్ధతి కష్టమేం కాదు, ఓపిక కావాలంతే. ఎడమవైపైతే ముందు పిన్ను తియ్యాలి. తర్వాత అంచు దగ్గర పక్కనుంచి మెల్లగా తట్టాలి, చక్రం కొంచెం తిప్పాలి, మళ్ళీ తట్టాలి. అన్నివైపులా కొంచెం కొంచెంగా కదిలి అదే వస్తుంది. ఒకేచోట స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తితే అంచు వంగుతుంది. వంగిన మూత మళ్ళీ బిగువుగా కూర్చోదు. (అన్నట్టు, ఆ ఎడమవైపు ఇరుసుకి ఉన్నది ఎడమ మర. నట్టుని మామూలుగా విప్పబోతే ఇంకా బిగుస్తుంది.)

బిగించేటప్పుడే అసలు అన్యాయం జరుగుతుంది. మూత నడినెత్తిన సుత్తితో ఒక్కటిస్తారు. రేకు సొట్టపడుతుంది. ఎడమవైపైతే బయటికి పొడుచుకొచ్చిన కేబుల్ కొస కూడా దెబ్బతింటుంది. చెయ్యాల్సిందల్లా హబ్బులో అది కూర్చునే చోటు తుడిచి, అంచుకి సరిపడే గొట్టంముక్క పెట్టి చుట్టూ సమానంగా తట్టడమే. ఇంకొకటి, మూతనిండా గ్రీజు కూరడం. ఎక్కువైతే మంచిదేగా అనుకుంటారు. వేడికి సాగే గ్రీజుకి లోపల చోటు లేకపోతే వెనక సీలు దాటుకుని బ్రేకు డ్రమ్ములోకి పోగలదు. బ్రేకు లైనింగుకి గ్రీజు అంటితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

సొట్ట ఉన్నంత మాత్రాన బేరింగు పోయిందని కాదు, ఒప్పుకుంటాను. కొత్త మూత ఉంటే లోపల అంతా భేషుగ్గా ఉందనీ కాదు. కానీ టేపర్ రోలర్ బేరింగులున్న బీటిల్‌లో వాటి ఆట 0.03 నుంచి 0.12 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. మూతని సుత్తితో బాదినవాడు ఆ కొలత డయల్ గేజీ పెట్టి చూసుంటాడని నేనైతే నమ్మను. ఎక్కువ బిగిస్తే బేరింగు వేడెక్కి పట్టేస్తుంది, అదీ రోడ్డు మీద వేగంలో ఉండగా. కొత్త మూత ఖరీదు చాలా తక్కువ. వంగినదానికి సిలికాన్ పూసి అతికించడం నాకస్సలు నచ్చదు. ఎడమదానికి కుడిది కొనకండి, రంధ్రం ఉండదు.

ఈసారి ఎవరైనా "స్పీడోమీటర్ పనిచెయ్యట్లేదు, అందుకే రేటు తగ్గించా" అంటే, డాష్‌బోర్డు సంగతి తర్వాత, ముందు ఎడమ చక్రం దగ్గర గొంతుక్కూర్చోండి.