పెడల్ చెప్పే మాట

ఉత్తరాంధ్రలో సరుకు కదిలేది చాలావరకు పాత పికప్‌ల మీదే. ఉద్దానం కొబ్బరి, పలాస జీడిపిక్కలు, భావనపాడు చేపలు, సీతంపేట కొండల అనాస పళ్లు తోట నుంచీ తీరం నుంచీ బజారుకు చేరేది చిన్న గూడ్సు బండ్లలోనే. వాటిలో చేతులు మారినవే ఎక్కువ. అలాంటి బండిని కొనేవాళ్లు ఇంజిన్ స్టార్ట్ చేసి పొగ చూస్తారు, టైర్లు చూస్తారు, కాగితాలు చూస్తారు. లోడుతో దిగేటప్పుడు ఎలా ఆగుతుందో చూసేవాళ్లు తక్కువ. చదును నేల మీద ఆ లోపం బయటపడదు. ఘాటీలోనే పడుతుంది.

లారీలకు పేరుపడిన సాలూరు 2022 ఏప్రిల్‌లో విజయనగరం నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి మారింది. ఊరి పక్కనున్న పి.కోనవలస ఘాటీ మాత్రం రెండు జిల్లాల డ్రైవర్లకూ ఉమ్మడి భయంగానే ఉండిపోయింది. పూర్వం 43వ నంబరు, ఇప్పుడు 26వ నంబరు జాతీయ రహదారి కొరాపుట్ నుంచి సుంకి మీదుగా దిగేది ఇక్కడికే. శృంగవరపుకోట నుంచి అనంతగిరి మీదుగా అరకు వెళ్లే దారి కూడా అలాంటిదే. 3 టన్నుల బండి 100 మీటర్ల ఎత్తు దిగిందంటే, దాన్ని బ్రేకులే పట్టి ఉంచితే పుట్టే వేడి 9 లీటర్ల నీటిని మరిగించేంత ఉంటుంది. ఆ వేడంతా డ్రమ్ములు, డిస్కులు, లైనింగులు భరించాలి. అక్కడి నుంచి అది బ్రేక్ ఆయిల్‌కు పాకుతుంది.

బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చే గుణం ఉంది. సముద్రపు గాలి వీచే మన జిల్లాల్లో ఈ సంగతి ఇంకా ముఖ్యం. కొత్త డాట్-3 ఆయిల్ 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక 140 డిగ్రీలకే మరగవచ్చు. డాట్-4 అయితే ఆ అంకెలు 230, 155. మరిగిన ఆయిల్‌లో ఆవిరి బుడగలు పుడతాయి. ఆయిల్ నొక్కుకుపోదు గానీ ఆవిరి నొక్కుకుపోతుంది. అప్పుడు పెడల్ నేలను తాకుతుంది, బండి మాత్రం పోతూనే ఉంటుంది. రెండేళ్లకోసారి ఆయిల్ మొత్తం తీసి కొత్తది పోయమని మెకానిక్కులు చెప్పేది ఇందుకే. డబ్బాలో తగ్గినప్పుడల్లా కాస్త పోసుకుని వెళ్లిపోవడం మరమ్మతు కాదు. ఇక దొరికిన ఇంజిన్ ఆయిల్ పోస్తే రబ్బరు వాషర్లు ఉబ్బి మొత్తం లైను పాడవుతుంది.

ఘాటీలో జరిగిన ప్రమాదం గురించి రాస్తూ బ్రేకులు ఫెయిలయ్యాయని ఒక్క వాక్యంతో ముగిస్తాం. పత్రికలవాళ్లం మేమూ అలాగే రాస్తాం. కానీ చాలా బండ్లు ఆ రోజుకు ముందే ఏదో ఒకటి చెప్పి ఉంటాయి. పెడల్ మెత్తబడి, రెండు మూడు సార్లు పంపింగ్ కొడితే గానీ పైకి రాకపోతే లైన్లో గాలి పట్టి ఉండవచ్చు, వెనక డ్రమ్ముల్లో షూలు అరిగి ఎడం పెరిగి ఉండవచ్చు. కాలు అదిమి ఉంచినా పెడల్ మెల్లగా దిగిపోతూ, బయట ఎక్కడా ఆయిల్ మరక లేకపోతే మాస్టర్ సిలిండర్ లోపలి వాషర్లను అనుమానించాలి. చక్రం లోపలి వైపు తడి కనబడితే వీల్ సిలిండర్ కారుతోంది. ఆ ఆయిల్ లైనింగ్ మీద పడితే ఆ చక్రం పట్టదు, బండి రెండో పక్కకు లాగుతుంది. బలమంతా పెట్టి తొక్కినా పెడల్ దిగకపోతే బూస్టర్‌కు వ్యాక్యూమ్ అందడం లేదు. డీజిల్ బండ్లలో దానికి విడిగా పంపు ఉంటుంది, ఇంజిన్ తిరిగితేనే అదీ తిరుగుతుంది. డీజిల్ ఆదా అని ఇంజిన్ ఆపి న్యూట్రల్‌లో ఘాటీ దిగడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలని పాత డ్రైవర్లు చెప్పేది నూటికి నూరుపాళ్లు నిజం.

మన ప్రాంతానికే ప్రత్యేకమైన తిప్పలు మరో రెండున్నాయి. చేపల బండ్లలో కరిగిన ఐసు నీరు ఉప్పుతో కలిసి కింద ఇనుప బ్రేకు పైపుల మీదికి కారుతుంది. బురద కింద తుప్పు కనబడదు. కడిగి, చేత్తో తడిమి చూడాల్సిందే. రెండోది అదనపు కమాను పట్టీలు. ఎక్కువ లోడు ఎత్తడానికి షెడ్డులో వేయిస్తారు. కొన్ని పికప్‌లలో వెనక ఇరుసు దగ్గర ఒక వాల్వు ఉంటుంది. లోడుకు బండి ఎంత కుంగిందో చూసి వెనక బ్రేకులకు ఒత్తిడి పంపడం దాని పని. పట్టీలు పెరిగితే బండి కుంగదు. నిండా లోడున్నా ఖాళీగా ఉందనుకుని ఆ వాల్వు ఒత్తిడి తగ్గిస్తుంది. బరువు మోయడానికి చేసిన ఏర్పాటే బండి ఆగే శక్తిని తగ్గిస్తుందన్నమాట.

ఆ బరువు ఎప్పుడూ సరుకే కాదు. బస్సు రాని గూడేల నుంచి సంతకూ పెళ్లికీ జనం ఎక్కేది ఈ బండ్లే. చట్టం ఒప్పుకోదు, కానీ వాళ్లకు వేరే దారీ లేదు. ఆ ఊళ్లకు బస్సు వేయడం కూడా బ్రేకుల భద్రతలో భాగమేనని మా అభిప్రాయం.

8 ఏళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంది. మిగతా రోజుల్లో బండి సంగతి ముందుగా తెలిసేది డ్రైవరుకే. కానీ షెడ్డులో పెట్టాలా వద్దా అని నిర్ణయించేది యజమాని. ఒక రోజు కిరాయి పోతుందని ఆగేవాడు, వాయిదా కట్టాలని ఆగేవాడు ఉంటారు. వాళ్ల కష్టం అబద్ధం కాదు. అయినా వాషర్ల కిట్టు, ఆయిల్ సీసా, సగం రోజు పని అన్నీ కలిపినా ఒక మనిషి కాలికి సరిపోవు.

వానలు మొదలయ్యేలోగా రవాణా శాఖ, లారీ యజమానుల సంఘాలు కలిసి సాలూరులోనూ శృంగవరపుకోటలోనూ చిన్న బండ్లకు ఉచిత బ్రేకు తనిఖీలు పెట్టాలి. ఐటీఐ మోటార్ మెకానిక్ విద్యార్థులకు అంతకన్నా మంచి పాఠం ఉండదు. యజమానులకు మాత్రం ఇప్పుడే ఒక మనవి. పెడల్ తేడాగా ఉందని డ్రైవరు చెప్పిన రోజున లోడు పంపకండి.