లాడ్ బజారులో ఫొటో ఒక్కటే చాలదు

పట్నం వెళ్లిన మనవాళ్లు చార్మినార్ చూసి, దానికి పడమటనున్న లాడ్ బజారులో గాజుల దుకాణాల ముందు ఫొటోలు దిగి వస్తున్నారు. దీపాల వెలుగులో ఆ రంగులు చూడముచ్చటే. కాని ఆ మెరుపు వెనుక బొగ్గుల సెగ ఉంది. లక్కను కరిగించి, సాగదీసి, గుండ్రంగా వంచి, రాళ్లను ఒక్కొక్కటిగా చేత్తో అద్దాలి. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు లభించింది. సంతోషమే. అయితే గుర్తింపుతోనే కడుపు నిండదు, గాజు అమ్ముడుపోవాలి. పనిలో ఉన్నవారిని మాటమాత్రం అడగకుండా ఫొటో తీయడం మర్యాద కాదు. మన వాకిట్లోకి ఎవరో వచ్చి అలా తీస్తే ఊరుకుంటామా? ముందు అడగండి. ఇంటి ఆడపడుచుకు ఒక జత కొనండి. అప్పుడే ఆ వీధి రంగు నిలుస్తుంది.