ఒక్క గోలీకి లొంగని సఫేద్ పానీ

మా ఆడవాళ్లు దీన్ని సఫేద్ పానీ అంటారు. పక్కింటి తెలుగు అక్కలు తెల్లబట్ట అంటారు. హకీం సాబ్ నుస్ఖాలో సైలానుర్రహం అని రాస్తారు. నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చినవాళ్లు లికోరియా అంటారు. ఇన్ని పేర్లున్నా అన్నీ చెప్పేది ఒక్కటే, ఏదో పోతోందని. ఏం పోతోందో, ఎందుకు పోతోందో ఏ పేరూ చెప్పదు. పైగా ప్రతి ఖాందాన్‌లోనూ ఒక పెద్దావిడ ఉంటుంది, "హడ్డియాఁ గల్ రహీ హైఁ" అని భయపెట్టడానికి. ఎముకలు కరిగి నీళ్లై పోతున్నాయట! ఎముకలేవీ కరగవు. ఆ కమ్‌జోరీకి కారణం చాలాసార్లు ఒంట్లో ఖూన్ తక్కువ కావడం. దాని సంగతి వేరే.

ఈ ఒక్క పేరు కింద కనీసం నాలుగు సంగతులున్నాయి. ఒకటి అసలు బీమారీయే కాదు, నెలలో కొన్ని రోజులు ప్రతి ఆడమనిషికీ మామూలుగా అయ్యే తడి. రెండోది ఈస్ట్. నాన్ పిండిలో కలిపే ఖమీర్ ఉంది కదా, దానికి దూరపు చుట్టం కాండిడా అనే ఫంగస్. మన నోట్లో, పేగుల్లో, ఆడవాళ్ల లోపలి భాగంలో అది చప్పుడు చేయకుండా బతుకుతూనే ఉంటుంది. అదును దొరికితే పెరుగుతుంది. అప్పుడు భరించలేనంత దురద, పాసుకెళ్తే మంట, విరిగిన పెరుగులా గడ్డలు గడ్డలుగా తెలుపు. వాసన పెద్దగా ఉండదు. మూడోది బాక్టీరియా వల్ల వచ్చేది, పల్చగా, బూడిద రంగులో, చేపల వాసనతో. నాలుగోది ట్రైకోమోనాస్ అనే క్రిమి వల్ల, మియాఁబీవీల మధ్య ఒకరి నుంచి ఒకరికి అంటేది. ఈస్ట్‌కి వేసే దవా మూడోదానికీ నాలుగోదానికీ పనిచేయదు. నాలుగోదానికైతే ఇద్దరికీ కలిపి ఇలాజ్ చేయకపోతే తిరిగి వస్తూనే ఉంటుంది.

ఇప్పుడు మన మొహల్లాలో ఏం జరుగుతుందో చూడండి. బీవీ చెప్పలేక చెబుతుంది. మియాఁ మెడికల్ షాపుకెళ్లి, పక్కన ఎవరూ లేనప్పుడు, "ఘర్‌వాలీకి వైట్ డిశ్చార్జ్" అని గొణుగుతాడు. షాపులో కుర్రాడు ఫ్లూకోనజోల్ 150 మిల్లీగ్రాముల గోలీ ఒకటి కాగితంలో చుట్టి ఇస్తాడు. రోగి ఇంట్లో, దవా అడిగేది ఒకరు, ఇచ్చేది ఇంకొకరు. ఇద్దరికీ రోగం ఏంటో తెలీదు. ఆ గోలీ చెడ్డదని నేననను. నిజంగా ఈస్టే అయి, మొదటిసారో రెండోసారో అయితే, గర్భం లేకపోతే, ఆ ఒక్క గోలీతో చాలామందికి తగ్గిపోతుంది. ప్రతి నలుగురు ఆడవాళ్లలో ముగ్గురికి జీవితంలో ఒక్కసారైనా వచ్చేదే ఇది. కానీ ఈస్టేనని ఎవరు చెప్పారు? అమెరికాలో మందుల షాపులో తమంతట తామే ఫంగస్ దవా కొనుక్కున్న 95 మంది ఆడవాళ్లకు పరీక్షలు చేసి 2002లో ఫలితాలు అచ్చేశారు. వాళ్లలో దాదాపు మూడోవంతు మందికే ఉన్నది ఈస్ట్. డబ్బా మీద రాసింది చదివి కొన్నవాళ్ల సంగతీ అంతే.

మళ్లీ మళ్లీ వచ్చేవాళ్ల గురించే ఈ మజ్మూన్ రాస్తున్నాను. ఏడాదిలో మూడుసార్లు, అంతకంటే ఎక్కువ వస్తే డాక్టర్లు దాన్ని వేరే లెక్కలో పెడతారు. అక్కడ సవాల్ "ఏ గోలీ?" కాదు, "ఎందుకొస్తోంది?" అన్నది. మన ఇళ్లల్లో ఆ సవాల్ ఎవరూ వేయరు. అంగ్రేజీ దవా గర్మీ చేస్తుందని ఒకరు, దేశీ దవా టైం పాస్ అని ఇంకొకరు బహస్ పెట్టుకుంటారు. రెండు పార్టీల వాళ్లూ చేసేది ఒకటే పని, కారణం చూడకుండా దురద తగ్గించుకోవడం.

మా ఖాలాజాద్ ఆపా ఒకామె రెండేళ్లు ఇలాగే గడిపింది. గోలీ వేసుకుంటే వారం పది రోజులు ఆరాం, మళ్లీ మొదలు. పెరుగు, వెల్లుల్లి, దమ్ చేసిన నీళ్లు, అన్నీ అయ్యాయి. కంటి అద్దాల కోసమని డాక్టర్ దగ్గరికెళితే ఆయన షుగర్ చూపించుకోమన్నాడు. పరగడుపునే 240 ఉంది. ఖమీర్‌కి షక్కర్ వేస్తే పిండి ఎలా పొంగుతుందో మన ఇంట్లో పిల్లలక్కూడా తెలుసు. రక్తంలో షక్కర్ పెరిగితే కాండిడాకి రోజూ దావతే. ఆపాకి షుగర్ అదుపులోకి వచ్చాక దురద కూడా తగ్గుముఖం పట్టింది. దురద మళ్లీ మళ్లీ వస్తోందంటే షుగర్ చూడాలన్నది పెద్ద ఇల్మ్ కాదు, హైదరాబాద్‌లో బస్తీ దవాఖానాలోనూ చూస్తారు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. షుగర్‌కి ఈమధ్య ఎక్కువగా రాస్తున్న గోలీలు డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్. మొదటిది 2020 తర్వాత మన దగ్గర బాగా చౌకైంది. ఇవి గుండెకి, కిడ్నీకి మేలు చేసే మంచి దవాలే. కానీ వీటి పని తీరే రక్తంలో షక్కర్‌ని పాసులోకి తోసేయడం. అందుకే వీటితో ఈస్ట్ రావడం మామూలు విషయం, మగవాళ్లకు కూడా. ఆ సంగతి చీటీ రాసే తొందరలో చాలామంది డాక్టర్లు చెప్పరు. చెప్పి ఉంటే ఆ ఆడమనిషి ఆర్నెల్లు తనను తాను గందీ అనుకుంటూ ఏడ్చేది కాదు. వాటిని మీ అంతట మీరు ఆపకండి, రాసిన డాక్టర్‌కే ఈ తక్లీఫ్ చెప్పండి. ఫ్లూకోనజోల్‌కి కూడా కొన్ని దవాలతో పడదు. గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ గోలీతో కలిస్తే షుగర్ మరీ పడిపోవచ్చు. రక్తం పల్చబడే వార్ఫరిన్‌తో కలిస్తే రక్తస్రావం కావచ్చు. కడుపుతో ఉన్నవాళ్లు నోటితో వేసుకునే ఆ గోలీ ముట్టకూడదు, వాళ్లకు 7 రోజులు లోపల పెట్టుకునే క్లోట్రిమజోల్ ఉంది. మెడికల్ షాపు కుర్రాడు ఇవేవీ అడగడు. మియాఁ ముందు ఎలా అడుగుతాడు?

షుగర్ లేకపోయినా తిరగబెట్టేవాళ్లున్నారు. వాళ్లకు ఒక్క గోలీ పద్ధతి చాలదు. మొదట మూడేసి రోజుల తేడాతో మూడు గోలీలు, ఆ తర్వాత వారానికి ఒకటి చొప్పున ఆరు నెలలు, ఇది డాక్టర్లు పాటించే తరీఖా. 2004లో అమెరికాలో 387 మంది ఆడవాళ్లతో ఇది తేల్చారు. ఆరు నెలల చివర దవా తీసుకున్నవాళ్లలో నూటికి 90 మంది బాగున్నారు, ఉత్తుత్తి గోలీ తీసుకున్నవాళ్లలో 36 మంది. దవా ఆపేశాక ఇంకో ఆరు నెలలకు ఆ 90 కాస్తా 43కి పడింది. నేను దాచను, ఇది జడతో పీకేసే ఇలాజ్ కాదు. చాలామందిని ఆరు నెలలు, కొందర్ని ఇంకా ఎక్కువ కాలం ఆరాంగా ఉంచే ఇలాజ్. అంతకంటే గొప్పగా చెప్పేవాడెవడైనా, పెరుగు అమ్మేవాడైనా గోలీ అమ్మేవాడైనా, అబద్ధం చెబుతున్నట్టే.

ఇక ఘరేలూ నుస్ఖాలు. పెరుగు తినండి, మంచిదే, రాయితా లేని బిర్యానీ నాక్కూడా మింగుడు పడదు. కానీ పెరుగు తోడుకునే బాక్టీరియా, ఆడవాళ్ల లోపల కాపలా కాసే బాక్టీరియా ఒకటి కాదు. యాంటీబయాటిక్స్ వాడే ఆడవాళ్లకు ఆ జాతి బాక్టీరియాని నోటితోనూ, లోపల పెట్టీ ఇచ్చి చూశారు ఆస్ట్రేలియాలో, అదీ 2004లోనే. ఈస్ట్ రావడం ఆగలేదు. వెల్లుల్లి రెబ్బ లోపల పెట్టుకోవడం మాత్రం దయచేసి చేయకండి, అక్కడి చర్మం కాలుతుంది. సిర్కా, నిమ్మరసం, డెట్టాల్ నీళ్లు, టీ ట్రీ నూనె కూడా అంతే. కలోంజీ మీద మనకు అఖీదా ఉంది, దాన్ని నేను తక్కువ చేయను. కానీ సీసాలో తేల్, పైన అరబ్బీ అక్షరాలు, పక్కన మక్కా బొమ్మ వేసి అమ్మేవాడు దీన్ అమ్ముతున్నాడు, దవా కాదు. ప్రవక్త (స) ఇలాజ్ చేయించుకోమన్నారు. నిదానంగా తష్ఖీస్ చేయించుకోవడం, అంటే రోగమేదో తేల్చుకోవడం, ఆ ఇలాజ్‌లో భాగం కాదా?

అసలు కుద్రతీ దవా, అంగ్రేజీ దవా అనే గీతే సరిగ్గా లేదు. ఫంగస్ మీద మనుషులకు పనికొచ్చిన మొదటి దవాల్లో ఒకటి నిస్టాటిన్. 1950లో న్యూయార్క్ రాష్ట్ర హెల్త్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేసే ఇద్దరు ఆడవాళ్లు, ఎలిజబెత్ హేజన్, రేచల్ బ్రౌన్, దాన్ని కనుక్కున్నారు. ఎక్కణ్ణుంచి? వర్జీనియాలో పాడి ఆవులున్న ఒక పొలం మట్టిలోని బాక్టీరియా నుంచి. ఒకరు న్యూయార్క్‌లో, ఇంకొకరు ఆల్బనీలో, నమూనాలు పోస్టులో పంపుకుంటూ పనిచేశారు. దవాకి ఆ రాష్ట్రం పేరే పెట్టి, వచ్చిన రాయల్టీ కోటి డాలర్లకు పైనే ఉన్నా తాము ముట్టకుండా సైన్సు పరిశోధనకు వక్ఫ్ చేసినట్టు ఇచ్చేశారు. మట్టిలోంచి వచ్చిందానికంటే కుద్రతీ ఇంకేముంటుంది?

అటువైపు బోరిక్ ఆసిడ్ చూడండి. క్యారమ్ బోర్డు మీద చల్లుతామే, ఆ తెల్ల పొడి జాతిదే. ఫ్లూకోనజోల్‌కి లొంగని వేరే రకం కాండిడా ఉంటే డాక్టర్లు 600 మిల్లీగ్రాముల క్యాప్సూల్ రోజుకొకటి రెండు మూడు వారాలు లోపల పెట్టుకోమంటారు. బాగా పనిచేస్తుంది. నోట్లోకి పోతే జహర్. గర్భిణులకు అస్సలు వద్దు. ఇంట్లో పిల్లలుంటే ఎక్కడ దాచాలో ముందే ఆలోచించాలి. దీన్ని ఎవరైనా ఇంటి చిట్కా అని వాట్సాప్‌లో పంపితే నాకు గుండె ఆగినంత పనవుతుంది.

యునానీ మీద నాకు మొహబ్బత్ ఉంది, చార్మినార్ పక్కన నిజామియా దవాఖానా చూసినప్పుడల్లా తల వంచాలనిపిస్తుంది. నబ్జ్ పట్టుకుని ఆడమనిషి మాట పూర్తిగా వినే హకీంలు ఇప్పటికీ ఉన్నారు, ఈ కాలంలో అది చిన్న నేమత్ కాదు. కానీ సఫేద్ పానీ అనగానే మాజూన్ సుపారీపాక్ ఇచ్చేస్తే నాకు ఎతరాజ్ ఉంది. మాజూన్ అంటే షక్కర్ లేదా తేనె పాకంలో కలిపిన దవా. షుగర్ ఉన్నామెకు, ఈస్ట్ ఉన్నామెకు పొద్దున సాయంత్రం ఒక చెంచా పాకమా? ముందు షుగర్ ఎంతుందో అడిగే హకీం దగ్గరికే వెళ్లండి.

వీటన్నిటికంటే పెద్ద అడ్డంకి షర్మ్. తడి తగిలితే నాపాక్ అయిపోయామని మా ఆడవాళ్లు రోజుకి ఐదుసార్లు సబ్బు పెట్టి లోపల దాకా కడుగుతారు. ఎంత కడిగితే అంత మంట. తహారత్‌కి పైపైన నీళ్లు చాలు. ఆగకుండా కారే తక్లీఫ్ ఉన్నవాళ్ల కోసం ఫిఖ్హ్‌లో మాజూర్ అనే వెసులుబాటు ఉంది, ఆలిమాని అడిగితే చెబుతారు. అడగాలి కదా! అన్సారీ ఆడవాళ్లకు దీన్ నేర్చుకోవడంలో హయా అడ్డం రాలేదని హజ్రత్ ఆయిషా (రజి) మెచ్చుకున్నట్టు సహీ ముస్లింలో ఉంది. వాళ్లు అడిగింది కూడా ఇలాంటి విషయమే, హైజ్ తర్వాత గుసల్ ఎలా అని. ఆ రోజుల్లో సాక్షాత్తూ రసూల్ (స) ముందు అడగగలిగారు, మనం లేడీ డాక్టర్ ముందు నోరు విప్పలేం. లోపలి బట్టల్ని దుపట్టా కింద దాచి, ఎండ తగలని మూల తడితడిగా ఆరేసి, అవే కట్టుకుంటాం.

మీకు ఏడాదిలో ఇది మూడోసారైతే లేడీ డాక్టర్‌కి ఇలా చెప్పండి: ఇంతకుముందు ఎన్నిసార్లు వచ్చింది, ఏ గోలీ ఎన్నాళ్లు వేసుకున్నారు, షుగర్‌కి, బీపీకి, రక్తానికి ఏమేం వాడుతున్నారు, ఈ రెండు నెలల్లో యాంటీబయాటిక్ ఏదైనా తీసుకున్నారా, నెల తప్పిందా. స్వాబ్ తీసి కల్చర్‌కి పంపమని మీరే అడగండి. అందులో ఏ రకం కాండిడానో తేలుతుంది, అసలు కాండిడానే కాదనైనా తేలుతుంది. దానికి ముందు వారం రోజులు దురద క్రీములేవీ పూయకండి, రిపోర్టు తారుమారవుతుంది. మియాఁకి ఏ తక్లీఫూ లేకపోతే ఈస్ట్ కోసం ఆయనకు దవా అక్కర్లేదు. ఆయనక్కూడా దురద, ఎర్రదనం ఉంటే ఆయన షుగర్ కూడా చూపించండి. రంజాన్‌లో రోజా పోతుందేమోనని కోర్సు మధ్యలో ఆపేసేవాళ్లు చాలామంది ఉన్నారు. వారానికి ఒక్కసారి వేసుకునే గోలీని ఇఫ్తార్ తర్వాత వేసుకోవచ్చు, లోపల పెట్టుకునే మాత్ర ఎలాగూ రాత్రి పడుకునేముందు పెట్టుకునేదే.