ఇంట్లో ఒకరికి సీలియాక్ ఉంటే అందరికీ పరీక్ష

ఏళ్ల తరబడి ఐరన్ మాత్రలు మింగినా రక్తహీనత తగ్గదు. పిల్లాడు వయసుకు తగ్గ ఎత్తు పెరగడు. కడుపుబ్బరాన్ని గ్యాస్ అని సరిపెట్టుకుంటారు. వీటి వెనుక సీలియాక్ ఉండొచ్చు. గోధుమ, బార్లీల్లోని గ్లూటెన్ వల్ల శరీరం తన చిన్నపేగు మీదే దాడి చేసే వ్యాధి ఇది. గోధుమే కారణమని డచ్ పిల్లల వైద్యుడు విలెమ్ డికే 1950 నాటి తన సిద్ధాంత వ్యాసంలో చూపారు.

రోగి తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లల్లో సుమారు 10 మందిలో ఒకరికి ఇది ఉండే అవకాశం ఉంది. అందుకే లక్షణాలు లేకున్నా వాళ్లందరికీ టీటీజీ-ఐజీఏ రక్తపరీక్ష చేయించాలి. ఈ మాట వైద్యులు రోగి చీటీ మీదే రాసివ్వాలి. పరీక్షకు ముందే గోధుమ మానేస్తే మాత్రం వ్యాధి ఉన్నా బయటపడకపోవచ్చు.

అన్నం తినేవాళ్లకు ఇదెందుకు అనుకోవద్దు. 2016లో వెలువడిన అధ్యయనంలో ఉత్తరాదిన 1.23 శాతం, దక్షిణాదిన 0.10 శాతం మందిలో కనిపించింది. తక్కువే, నిజమే. కానీ షుగర్ వచ్చిందని రాత్రిళ్లు చపాతీకి మారిన ఇళ్లెన్ని! ఉప్మా రవ్వ, మైదా సంగతి సరే, పులిహోర పోపులో వేసే ఇంగువపొడిలోనూ చాలావరకు గోధుమపిండి కలుస్తుంది. వ్యాధి తేలిన ఇంట్లో ఆ డబ్బా మీద ముద్రించిన పదార్థాల పట్టిక కూడా చదవాల్సిందే.