తోటా కావాలి, తోటమాలీ కావాలి

రైల్వే కాలనీలలోను, తపాలా ఉద్యోగుల నివాస ప్రాంగణాలలోను మూతపడిన నర్సరీలను మనలో చాలామంది రోజూ చూస్తూనే ఉన్నారు. ఒకప్పుడు స్టేషను ముందరి పూలమళ్ళకు, అధికారుల బంగళాలకు, కాలనీ రోడ్ల వెంబడి నాటే నీడ చెట్లకు మొక్కలు అక్కడి నుండే వెళ్ళేవి. మాలీ పదవీ విరమణ చేశాడు. అతని పోస్టు భర్తీ కాలేదు. మొక్కలను బయట కాంట్రాక్టు మీద కొనడం మొదలైనది. కొంతకాలానికి కుళాయి కట్టివేశారు, గేటుకు తాళం వేశారు. నేడు అక్కడ వయ్యారిభామ ఏపుగా పెరుగుతున్నది. పగిలిన కుండీలు, చిరిగిన పాలిథీను సంచులు, కాలనీ చెత్త అక్కడికే చేరుతున్నవి. వానాకాలం వస్తే దోమలు, పాములు అక్కడి నుండే క్వార్టర్లలోకి వస్తున్నవి.

ఇటువంటి స్థలాన్ని కాలనీవాసుల ఉమ్మడి తోటగా మార్చాలన్న ఆలోచనను మేము పూర్తిగా బలపరుస్తున్నాము. అయితే కొన్ని షరతులతో బలపరుస్తున్నాము. ఆ షరతులను మరచి కేవలం ఉత్సాహంతో పలుగూ పారా పట్టుకుంటే, తోట నాలుగు నెలలలో ఎండిపోవచ్చు. అంతకంటె పెద్ద నష్టం కూడ కలుగవచ్చు. దానిని గురించి ముందుగానే ఆలోచించడం కార్మిక సంఘం బాధ్యత.

మొదట హక్కు సంగతి. రైల్వే భూమిలో ఉద్యోగి కూరగాయలు పండించడం కొత్త కోరిక కాదు. 1942లో బర్మా జపాను వశమై అక్కడి బియ్యం రాక ఆగిపోయిన తరుణంలో ప్రభుత్వం అధికాహారోత్పత్తి ఉద్యమాన్ని ప్రారంభించినది. మరుసటి సంవత్సరం బెంగాలు కరువు లక్షలాది ప్రాణాలను బలిగొన్నది. ఆ ఉద్యమం పేరుతోనే స్వాతంత్ర్యానంతరం కూడ రైల్వేలు పట్టాల వెంబడి, స్టేషన్ల పరిధిలో, కాలనీలలో ఉన్న మిగులు భూమిని చిన్న తరగతుల ఉద్యోగులకు లైసెన్సుపై సాగుకు ఇచ్చినవి. భూమి రైల్వేది, పంట ఉద్యోగిది. శాశ్వత కట్టడాలు కట్టరాదు, అవసరమైనప్పుడు ఖాళీ చేయవలెను. బ్రిటన్‌లో, జర్మనీలో రైలుమార్గాల పక్కన కార్మికులు కూరగాయల మళ్ళు సాగుచేసుకోవడం నూరేళ్ళకు పైబడిన ఆచారం. కనుక "ఇదెక్కడి గొంతెమ్మ కోరిక?" అని ఆశ్చర్యపడే అధికారికి, ఇది మీ శాఖ పాత పద్ధతేనని మనం ధైర్యంగా చెప్పవచ్చును.

తపాలా సోదరులకు మరొక చిక్కు ఉన్నది. 1985 జనవరిలో తంతి తపాలా శాఖ రెండుగా విడిపోయినది. 2000 అక్టోబరులో టెలికాం సర్వీసులు బి.ఎస్.ఎన్.ఎల్. సంస్థకు బదిలీ అయినవి. పాత తంతి తపాలా కాలనీలలో ఏ ముక్క ఎవరి లెక్కలో ఉన్నదో క్వార్టర్లలో నివసించేవారికి తెలియకపోవచ్చు. అర్జీ పెట్టేముందు ఆ సంగతి తేల్చుకోవలెను. లేకపోతే కాగితం ఒక కార్యాలయం నుండి మరొక కార్యాలయానికి తిరుగుతూనే ఉంటుంది.

ఇక పాత లైసెన్సు పద్ధతిలోని లోపాన్ని కూడ మనం దాచుకోరాదు. భూమిని వ్యక్తులకు విడివిడిగా ఇచ్చారు. ఉద్యోగి బదిలీ అయితే మడి దిక్కులేనిదయ్యేది. కొన్నిచోట్ల పేరు ఉద్యోగిది, సేద్యం మరొకరిదిగా మారినది. ఆక్రమణల భయం పేరుతో యాజమాన్యం మొత్తం పద్ధతినే శంకించడానికి అది సాకైనది. కాలనీ నర్సరీని ముక్కలుగా పంచుకుంటే అదే కథ పునరావృతమవుతుంది.

పంచుకోవడానికి అసలు చాలదు కూడ. లెక్క చూడండి. హైదరాబాదు తార్నాకలో, లాలాగూడ రైల్వే కాలనీలకు చేరువలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, ఆకుకూరలతో కలిపి మనిషికి రోజుకు సుమారు 400 గ్రాముల కూరగాయలు అవసరమని చెప్పుచున్నది. అయిదుగురున్న కుటుంబానికి రోజుకు 2 కిలోలు, నెలకు 60 కిలోలు. ఒక కుటుంబానికి ఏడాది పొడుగునా కూరగాయలు పండాలంటే సుమారు 200 చదరపు మీటర్లు, అనగా దాదాపు 5 సెంట్ల నేల కావలెనని పెరటి తోటల సాధారణ లెక్క. ఆ ప్రకారం అర ఎకరం నర్సరీ పది కుటుంబాలకు మాత్రమే సరిపోతుంది. మూడు వందల క్వార్టర్లున్న కాలనీలో ఆ పది కుటుంబాలు ఏవి? అధికారికి దగ్గరివారా, సంఘ నాయకునికి దగ్గరివారా? ఆ ప్రశ్న తలెత్తిననాడు తోట తగవుల అంగడి అవుతుంది.

ఈ లెక్క మరొక సత్యాన్ని కూడ చెప్పుచున్నది. కాలనీ తోట మన జీతభత్యాల సమస్యకు పరిష్కారం కాదు. తోటకూర కట్ట కరువు భత్యానికి బదులు కాజాలదు. ధరలు పెరిగినవంటే పెరట్లో పండించుకోండని సలహా చెప్పేవారికి మనం ఈ 60 కిలోల లెక్కనే చూపవలెను.

మరి తోట దేనికి? నర్సరీ నర్సరీగానే బ్రతికితే అందరికీ ఉపయోగపడుతుందని మా అభిప్రాయం. ఒక ఎకరం వంగతోటకు కావలసిన నారును 3 సెంట్ల నారుమడిలో పెంచవచ్చును. అనగా అర ఎకరంలో పండిన కాయ పది ఇళ్ళకు చాలితే, అందులో ఒక మూలన పెంచిన నారు మూడు వందల ఇళ్ళకు చాలుతుంది. వంగ, టమాటా, మిరప నారు, బచ్చలి తీగ, కరివేపాకు మొక్క ప్రతి క్వార్టరు పెరటికి, మేడమీది కుండీలకు అక్కడి నుండి వెళ్ళవలెను. మిగిలిన నేలలో గోంగూర, పాలకూర, మెంతికూర వంటి త్వరగా చేతికివచ్చే ఆకుకూరలను, గట్ల వెంబడి మునగ, నిమ్మ, బొప్పాయి చెట్లను ఉమ్మడిగా పెంచవచ్చును. ఒక నీడ చెట్టు కింద నాలుగు బల్లలుంటే పదవీ విరమణ చేసినవారికి, పిల్లలకు, రాత్రి డ్యూటీ దిగి వచ్చినవారికి అది కూర్చునే చోటవుతుంది. పొరుగు క్వార్టరులో ఎవరున్నారో తెలియని రోజులు వచ్చినవి. ముఖపరిచయం లేని చోట సంఘం ఉండదు. 1974 మే నెల సమ్మెలో క్వార్టర్ల నుండి వెళ్ళగొట్టబడిన కుటుంబాలను తోటి కార్మికులే ఆదుకున్నారన్నది పెద్దలెరిగిన విషయం.

ఇప్పుడు అసలు ప్రమాదాన్ని గురించి. నర్సరీ మూతపడినది భూమి చెడిపోయి కాదు, నీరు లేక కాదు. మాలీ పోస్టు పోయి మూతపడినది. కాలనీవాసులు ఆదివారం పూట శ్రమదానం చేసి తోటను నిలబెడితే యాజమాన్యం ఏమంటుందో ఊహించడం కష్టం కాదు. "చూశారా, మాలీ లేకుండానే తోట నడుస్తున్నది, ఇక ఆ పోస్టు ఎందుకు?" అంటుంది. మన చెమటతోనే మన సోదరుని పోస్టు సరెండరు కాగితం మీద సంతకం పెట్టించుకుంటుంది. నేడు మాలీ, రేపు కాలనీ పారిశుధ్య కార్మికుడు, ఎల్లుండి పంపు ఆపరేటరు. శ్రమదానం గొప్పదే. కాని జీతం ఇవ్వవలసిన పనికి శ్రమదానం బదులైతే అది దానం కాదు, దోపిడీకి తోడ్పాటు.

తోట నిలబడేది కూడ ఉత్సాహం మీద కాదు, నిత్యం పనిచేసే చేతుల మీద. క్యూబా అనుభవం ఇందుకు సాక్ష్యం. 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైన తరువాత ఆ దేశానికి చమురు, ఎరువులు కరువైనవి. రాజధాని హవానా శివార్లలోని అలమార్ నివాస ప్రాంతంలో, బహుళ అంతస్తుల ఇళ్ళ నడుమ బీడుపడి ఉన్న స్థలంలో 1997లో కొద్దిమంది ఒక తోటను ప్రారంభించారు. దాని పేరు వివేరో అలమార్. స్పానిష్ భాషలో వివేరో అనగా నర్సరీ. అది సహకార సంఘంగా ఎదిగి దాదాపు 11 హెక్టార్లకు విస్తరించినది, నూరుమందికి పైగా పని కల్పించినది. చుట్టుపక్కల కుటుంబాలు అక్కడే తాజా కూరగాయలు కొనుక్కున్నవి. ఆ తోట సెలవుదినపు సరదాగా నడవలేదు. పనిచేసినవారికి రాబడిలో వాటా లభించినది. పదకొండు హెక్టార్లతో మన అర ఎకరానికి పోలిక లేదు. కాని సూత్రం ఒక్కటే.

మన డ్యూటీల తీరు చూసినా ఇదే తేలుతుంది. లోకో పైలటు ఇంటికి ఎప్పుడు చేరుతాడో అతనికే తెలియదు. ట్రాక్ మెయింటెయినరు ఎండలో పట్టాల మీద పనిచేసి వచ్చి మళ్ళీ పార పట్టలేడు. ఆర్.ఎం.ఎస్. సార్టరుకు పగలు నిద్రపోయే వేళ. వీరెవరూ మే నెలలో ప్రతి ఉదయం నారుమడికి నీరు పెట్టలేరు. చివరకు ఆ భారం ఇంటి ఆడవారి నెత్తిన పడుతుంది. కాలనీ తోట స్త్రీలకు మరొక జీతం లేని చాకిరీ కారాదు.

మట్టిని గురించి ఒక హెచ్చరిక. పాత నర్సరీ నేల పైకి నల్లగా, సారవంతంగా కనిపించవచ్చు. చీడల మందులను గుప్పిళ్ళతో చల్లిన రోజులు అక్కడ గడిచినవి. బి.హెచ్.సి. పొడి 1997లో నిషేధింపబడినది. అటువంటి మందుల అవశేషాలు నేలలో ఏళ్ళ తరబడి నిలిచి ఉంటవి. రైల్వే ఆవరణలలో ఆవిరి ఇంజన్ల కాలపు బొగ్గు బూడిద, సీసం కలిసిన పాత రంగుల పెచ్చులు కూడ నేలలో చేరి ఉండవచ్చు. 2015లో ప్రారంభమైన భూసార కార్డు పరీక్షలో 12 అంశాలు చూస్తారు. అవి పోషకాలకు, నేల గుణానికి సంబంధించినవి, సీసానికీ పాత మందులకూ సంబంధించినవి కావు. కనుక ఆ పరీక్షను యాజమాన్యం ఖర్చుతో ప్రత్యేకంగా చేయించవలెను. ఫలితం వచ్చేదాకా కొత్త మట్టి, కంపోస్టు పోసి ఎత్తు మళ్ళు కట్టి వాటిలోనే ఆకుకూరలు వేయవలెను. ఆకులు, దుంపలు సీసాన్ని పట్టుకున్నంతగా కాయలు పట్టుకోవు. కంపోస్టుకు రన్నింగు రూములు, క్యాంటీన్ల వంటింటి వ్యర్థాలు ఉండనే ఉన్నవి. 2000 దశకపు తొలి సంవత్సరాలలో బొంబాయి పోర్టు ట్రస్టు ఉద్యోగుల వంటశాల మేడమీద ఆ విధంగానే తోటను పెంచారు.

ఇన్ని జాగ్రత్తలు చెప్పిన తరువాత, అసలు ఈ తొందర ఎందుకని కొందరు అడుగవచ్చు. వాడుకలో లేని భూమి ఎక్కువకాలం అలాగే ఉండదు. ఖాళీ రైల్వే భూమిని వాణిజ్యానికి వినియోగించేందుకు 2005 చట్ట సవరణ ద్వారా ప్రత్యేక సంస్థను ఏర్పరచారు. 2022 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం సరకు రవాణా టెర్మినళ్ళ కోసం రైల్వే భూమిని, మార్కెట్ విలువలో సాలీనా 1.5 శాతం చొప్పున, 35 సంవత్సరాల వరకు లీజుకు ఇచ్చే విధానాన్ని ఆమోదించినది. తోట వేసినంత మాత్రాన లీజు ఆగిపోతుందని మేము భ్రమ కల్పించము. కాని తాళం వేసిన బీడు పక్షాన మాట్లాడేవారు ఉండరు. మూడు వందల కుటుంబాలు వాడుకునే తోట పక్షాన ఉంటారు. ప్రైవేటు టెర్మినలుకు 35 సంవత్సరాలు ఇవ్వగలిగినవారు కాలనీకి 5 సంవత్సరాలు ఇవ్వలేరా? మామిడి అంటు కాపుకు రావడానికే ఇంచుమించు అంత కాలం పడుతుంది.

కనుక శాఖలు ఈ అయిదు షరతులను యాజమాన్యం ముందు ఉంచవలెనని మేము కోరుచున్నాము. ఒకటి: లైసెన్సు కాలనీవాసుల సమష్టి పేరుతో, కనీసం 5 సంవత్సరాలకు ఇవ్వవలెను, ముక్కలుగా పంచరాదు. రెండు: మాలీ పోస్టును పునరుద్ధరించి భర్తీ చేయవలెను, తోట నడుస్తున్నదన్న కారణంతో ఏ పోస్టునూ సరెండరు చేయబోమని చర్చల నమోదు పత్రంలో వ్రాయించవలెను. మూడు: నీరు, కంచె, మట్టి పరీక్ష యాజమాన్యం బాధ్యత. నాలుగు: నిర్వహణ కమిటీలో క్వార్టర్లలో నివసించే స్త్రీలకు, పదవీ విరమణ చేసినవారికి, కాలనీలో పనిచేసే కాంట్రాక్టు కార్మికులకు సమానమైన ఓటు ఉండవలెను. అయిదు: నారు, పంట, డబ్బు లెక్కలను ప్రతి నెలా తోట గేటు వద్ద పలక మీద వ్రాయవలెను. ఈ చివరి షరతు మన మీద మనం పెట్టుకునేది.

రెండవ షరతు మీద రాజీ లేదు. యాజమాన్యం భూమి ఇస్తాను గాని మాలీని ఇవ్వనంటే, ఆ తాళపుచెవిని అందుకోవడానికి తొందరపడవద్దని మా సలహా. రైల్వేలో శాశ్వత సంప్రదింపుల యంత్రాంగం 1952 నుండి ఉన్నది. తపాలాతో సహా కేంద్ర ప్రభుత్వ శాఖలలో ఉమ్మడి సంప్రదింపుల యంత్రాంగం 1966 నుండి ఉన్నది. కాలనీ సమస్యలను స్థానికంగా తేల్చే కమిటీలు ఉన్నవి. వచ్చే సమావేశపు అజెండాలో ఈ అంశాన్ని చేర్చండి. దానికి ముందు ఒక సాయంకాలం కాలనీవాసులనందరినీ పిలిచి, నర్సరీ కొలతలు, అక్కడ చివరిసారి మాలీ ఎప్పుడు పనిచేశాడన్న వివరాలు, ఆ పోస్టు ఏమైనదన్న సమాచారం కాగితం మీద పెట్టండి. తొలకరికి నారు పోయాలంటే ఈ పని వేసవిలోనే పూర్తి కావలెను.