కాలిన గాయము తలవ్రాత కాదు



గత మాఘమాసమున మా వేంపల్లెలో, మా యింటికి నాలుగిండ్ల యవతలనున్న యొక యిల్లాలికి వంటయింట కుడిచేయి మోచేతివఱకు కాలినది. గ్యాసు వాసన వచ్చుచున్నదని ఆమె పదిదినములలో రెండుమార్లు సిలిండరు ఇచ్చువారికి తెలిపియుండెను. మనిషిని పంపెదమనిరేగాని యెవరును రాలేదు. మేము చూడబోవగా, “ఏం చేస్తాంలేక్కా, నా తలరాత” అన్నది. “వంటకాడ మతి పెట్టుకోవాల గదమ్మా” అని అత్తగారు నొచ్చుకొనిరి. ఒకరు విధిని, ఒకరు కోడలిని తప్పుపట్టిరి. రెండుమార్లు పిలిచినను రానివారి మాట యెవరును ఎత్తరైరి. ఈ నెల మేము ఆ మాటయే యెత్తదలచితిమి.

మన యిండ్లలో కాలిన గాయమును దాచు నలవాటు కలదు. కోడలు కాలినదన్న నలుగురు నాలుగు విధములుగా ననుకొందురని భయము. పరిహారమడిగిన గాయమును అమ్ముకొనినట్లగునని సంకోచము. కాని కట్లకు, మందులకు, కడపకు తిరుగు బస్సులకు డబ్బు పెట్టుచున్నదెవరు? తప్పొకరిదైనప్పుడు ఖర్చు వేఱొకరు భరించుట ధర్మమా? పరిహారమడుగుట యాచన కాదు, బాకీ అడుగుట.

ఇది మేము క్రొత్తగా చెప్పుమాట కాదు. 2014 జూన్ 27వ తేదీ ఉదయమున కోనసీమలోని నగరం అను గ్రామమున, భూమిలో పోవు గెయిల్ సంస్థవారి గ్యాసు గొట్టము పగిలి మంటలు చెలరేగెను. ఇరువదిమందికి పైగా మరణించిరి. ఇండ్లు, కొబ్బరిచెట్లు కాలిపోయెను. పొడిగ్యాసు పోవలసిన గొట్టమున తడితో కూడిన గ్యాసును పంపుటచే అది లోలోపల తుప్పుపట్టినదని విచారణలో తేలినది. మృతుల కుటుంబములకు గెయిల్ 20 లక్షలు, రాష్ట్రప్రభుత్వము 3 లక్షలు, కేంద్రప్రభుత్వము 2 లక్షలు, వెరసి 25 లక్షల రూపాయల చొప్పున ప్రకటించిరి. అంతయు దైవికమని విడిచియుండినచో ఆ తుప్పు సంగతి లోకమునకు తెలియకయే యుండెడిది.

“ఉద్యోగము లేని ఆడుదానికి నష్టమేమి లెక్కగట్టుదురు?” అని కొందఱడుగుదురు. దీనికిని సమాధానము కలదు. 1989 మార్చి 3వ తేదీన జంషెడ్‌పూరులో టాటా ఉక్కు కర్మాగారమువారి యుత్సవమున పందిరికి నిప్పంటుకొని 60 మంది మరణించిరి; 113 మంది గాయపడిరి. మృతులలో స్త్రీలును పిల్లలును అనేకులు. వ్యాజ్యము సుప్రీం కోర్టునకు పోయినది. మొదట గృహిణి సేవలకు ఏటికి 12,000 రూపాయలు లెక్కకట్టిరి. 2001లో న్యాయస్థానము అది మిక్కిలి తక్కువయని, 34 మొదలు 59 ఏండ్లలోపు గృహిణుల సేవలను నెలకు 3,000 రూపాయలుగా లెక్కించినది. ఆ మొత్తము నేడు స్వల్పముగా తోచవచ్చును. కాని వండి వార్చి బిడ్డలను పెంచు చేతికి విలువ కలదని దేశమునందలి పెద్ద న్యాయస్థానము ఒప్పుకొనుట స్వల్పము కాదు.

ఇక మనము చేయవలసినది. చర్మము కాలినంతనే ఇరువది నిమిషములు పాఱుచున్న చల్లని నీటి క్రింద ఉంచవలెను. పసుపు, సిరా, పళ్లపొడి పూయరాదు. ఆసుపత్రిలో వైద్యునికి జరిగినది జరిగినట్లు చెప్పవలెను. పరువునకు వెఱచి “వేడినీళ్లు పడినవి” అనినచో ఆ వ్రాతయే పిదప మనకు ఎదురు సాక్ష్యమగును. కాలిన గొట్టమును, రెగ్యులేటరును పాఱవేయక దాచవలెను. మా పొరుగింట ఆనాడే ఊడ్చి పాఱవైచిరి. ఫోనులో నిలిచిన రెండు ఫిర్యాదులే వారికి మిగిలిన ఆధారము.

సిలిండరు ప్రమాదములకై చమురు సంస్థలు ముందుగనే బీమా చేసియుంచును. దానికై మనము వేఱుగా రుసుము కట్టనక్కఱలేదు. మరణమునకు 6 లక్షలు, వైద్యమునకు మనిషికి 2 లక్షలవఱకు, నమోదైన యింట ఆస్తినష్టమునకు 2 లక్షలవఱకు అందు కలదు. ప్రమాదమును వెంటనే సిలిండరు ఇచ్చువారికి వ్రాతమూలముగా తెలిపి, అందినట్లు సంతకము తీసికొనవలెను, పోలీసులకును తెలుపవలెను.

సేవలో లోపమున్నయెడల కడపలోని జిల్లా వినియోగదారుల కమిషనుకు పోవచ్చును. 2019 నాటి చట్టము ననుసరించి రెండేండ్లలోగా ఫిర్యాదు చేయవలెను. కొనిన వస్తువునకుగాని సేవకుగాని చెల్లించిన మూల్యము 5 లక్షలు మించనిచో కమిషను రుసుము లేదు. వకీలు లేకయే మన మాట మనము చెప్పుకొనవచ్చును. వకీలు కావలెనన్న, 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచితముగా సహాయము దొరకును. అందులకు 15100 నంబరునకు ఫోను చేయవచ్చును.

అయితే మన వంతు జాగ్రత్త మనకును విధియే. అయిదేండ్లకొకమారు గొట్టము మార్పించి రశీదు దాచుకొనవలెను. వాసన వచ్చిన పొయ్యి, దీపము వెలిగింపక, విద్యుత్తు మీటలు ముట్టక, తలుపులు తెఱచి, బయటికి వచ్చి 1906 నంబరునకు తెలుపవలెను.

మా పొరుగింటి యిల్లాలు ఎట్టకేలకు కడపకు పోయి ఫిర్యాదు దాఖలు చేసినది. చదువుకొనినదైనను, కుడిచేతికి కట్టుండుటచే ఎడమచేతి వ్రేలిముద్ర వేసినది. తోడు పోయినది అత్తగారే. మందుల రశీదులన్నియు ఆమెయే సంచిలో భద్రపఱచి తీసికొనిపోయిరి. తీర్పింకను రావలసియున్నది. అయినను ఆ యింట “తలరాత” యను మాట మేము మఱల వినలేదు.