యుద్ధవిమానానికి తూట్లు పొడుస్తున్నది ఎవరు?

మొన్న మా ఊళ్లో బతుకమ్మ పండుగ. ఆడవాళ్లు బతుకమ్మల చుట్టూ ఆడుతుంటే, మగవాళ్లం చాయ్ కప్పులు పట్టుకొని ఓ మూలన చేరాం. మాట యుద్ధవిమానాల మీదికి మళ్లింది. ఇరవై ఏళ్లుగా ఇక్కడ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న కరీంనగర్ అన్న ఒకాయన తేల్చేశాడు: "తమ్మీ, మనోళ్లకు చేతగాదు. రాఫెల్ అసొంటివి కొనుక్కోవాలె, అంతే. మనం కట్టిన దాంట్ల ఎవడు కూసుంటడు?" అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ రోజు చెప్పలేని జవాబు ఇప్పుడు రాస్తున్నా.

అమెరికాలో నా పని విమాన భాగాల తనిఖీ. యుద్ధవిమానాలవి కావు, ప్రయాణికుల విమానాలవి. రోజంతా చూసేది రంధ్రాలనే. విమానం ఒంటి నిండా వేల రంధ్రాలుంటాయి, వాటిలో రివెట్లు, బోల్టులు దిగుతాయి. డ్రిల్ చేశాక అంచున వెంట్రుకంత గరుకు మిగిలినా చాలు, ఎగిరిన ప్రతిసారీ ఒత్తిడి అక్కడే చేరి ఏదో ఒకరోజు పగులు మొదలవుతుంది. కొత్తగా చేరిన రోజుల్లో అలాంటి గరుకున్న భాగం ఒకటి నా బల్ల మీదికొచ్చింది. లారీ బయట ఆగి ఉంది, సంతకం పెట్టమని పైనుంచి ఒత్తిడి. నా వీసా ఆ కంపెనీ చేతిలోనే ఉంది. నేను పెట్టలేదు. వారం రోజులు నాతో ఎవరూ మాట్లాడలేదు. ఆ వారంలో నాకర్థమైంది ఒక్కటే: నాణ్యత అంటే చేతి నైపుణ్యం ఒక్కటే కాదు, సంతకం. తప్పయితే నాదే బాధ్యత అని ఒకరు ఒప్పుకోవడం.

"మనోళ్లకు చేతగాదు" అనే అన్నలకు రెండు సంగతులు గుర్తు చేస్తాను.

2014లో జర్మనీ కొత్త యూరోఫైటర్లను తీసుకోవడం ఆపేసింది. వెనుక భాగంలోని రంధ్రాల తయారీలో లోపం బయటపడింది. విమానం 3000 గంటలు ఎగరవచ్చన్న లెక్కను ముందు జాగ్రత్తగా 1500కు కుదించారు. అది ఐరోపాలో నాలుగు సంపన్న దేశాలు కలిసి కట్టిన విమానం.

2017లో అమెరికాలోని యూటాలో, హిల్ వైమానిక స్థావరంలో ఎఫ్-35లకు తుప్పు కనిపించింది. బోల్టుల రంధ్రాల్లో పూయాల్సిన రంగు పూయలేదు. విమానాలు తీసుకోవడం కొన్నాళ్లు ఆగింది. 2018లో మళ్లీ ఆగింది, ఈసారి లోపం కొత్తది కాదు. బాగుచేసే ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న తగాదా.

ఆ దేశాల కార్మికులకు చేతగాదని ఎవరైనా అన్నారా? లేదు. లోపం దొరికింది, విమానాలు ఆగాయి, బిల్లు ఎవరిదో కొట్లాడుకున్నారు. కొనుగోలులో కష్టమంతా ఆ కొట్లాటలోనే ఉంది.

ఇప్పుడు మన కథ. 2007లో భారత్ 126 యుద్ధవిమానాలకు టెండర్ పిలిచింది. 2012 జనవరిలో రాఫెల్ గెలిచింది. 18 ఫ్రాన్స్ నుంచి సిద్ధంగా రావాలి, 108 హిందుస్థాన్ ఏరోనాటిక్స్ ఇక్కడ కట్టాలి. బేరం ఎక్కడ చిక్కుకుంది? ఇక్కడ కట్టే 108కి పూచీ ఎవరిదన్న దగ్గర. మనవాళ్లకు ఫ్రాన్స్ కంటే 2.7 రెట్లు ఎక్కువ పనిగంటలు పడతాయన్న లెక్క ఇంకో చిక్కు. 2018 నాటి సుప్రీంకోర్టు తీర్పులో ఈ రెండూ ప్రస్తావనకు వచ్చాయి. మూడేళ్లు నలిగి, 2015లో 126 కాస్తా 36 అయ్యాయి.

దస్సోను నేను తిట్టను. నా చేతిలో లేని ఫ్యాక్టరీలో తయారైన దానికి నేనూ సంతకం పెట్టను. తప్పు టెండర్ రాసినవాళ్లది. బాధ్యత ఎవరిదో మొదటి పేజీలో తేల్చాల్సింది పోయి, గెలిచినవాణ్ని ప్రకటించాక బేరానికి కూర్చున్నారు. మన తప్పు అసలే లేదనీ అనను. 2021లో 83 తేజస్ మార్క్-1ఏలకు ఒప్పందం అయింది. 2024 మార్చి నాటికి మొదలు కావాల్సిన సరఫరా గడువు దాటింది. అమెరికా నుంచి ఇంజన్లు ఆలస్యమయ్యాయన్నది నిజం. ఆలస్యమంతా ఇంజన్‌దే అనడం మాత్రం తప్పించుకోవడం.

మరి ఆదిభట్ల సంగతేంది? హైదరాబాద్ పక్కనే, ఇబ్రహీంపట్నం వైపున్న ఆ ఊరి ఫ్యాక్టరీ నుంచి 300కు పైగా అపాచీ హెలికాప్టర్ల మొండేలు బోయింగ్‌కు వెళ్లాయి. అమెరికా సైనికులు వాటిలో కూర్చుంటున్నారన్నా! అక్కడ డ్రిల్ పట్టింది మన పిల్లలే. తేడా ఒక్కటే. డ్రాయింగు, బిగింపు పరికరాలు, శిక్షణ, తనిఖీ అన్నీ ఒకే గొలుసులో ఉన్నాయి, చివరి సంతకం ఎవరిదో అందరికీ తెలుసు. 108 విమానాలకు పూచీ పడనన్న దస్సోనే 2025 జూన్‌లో రాఫెల్ మొండెం హైదరాబాద్‌లో కట్టించడానికి టాటాలతో ఒప్పందం చేసుకుంది. చేతులు ఈ దేశానివే. మారింది బాధ్యత రాసుకున్న తీరు.

కాబట్టి దేశం కోసం ఏదైనా చేయాలనుకునే మిత్రులు చేతుల మీద జోకులు ఆపి, కాగితాల మీద ప్రశ్నలు అడగండి. ప్రతి ఒప్పందంలో నాణ్యతకు పూచీపడే పేరు ఒక్కటే ఉందా? లోపం దొరికితే ఖర్చు ఎవరిదో ముందే రాశారా? నేర్చుకున్న కార్మికుడు ఖాళీగా కూర్చోకుండా ఆర్డర్లు వరుసగా ఇస్తున్నారా? తనిఖీ చేసేవాడు 'కాదు' అంటే అతని ఉద్యోగం నిలుస్తుందా?

2025 సెప్టెంబర్‌లో మిగ్-21లకు వీడ్కోలు చెప్పాక మన వైమానిక దళంలో మిగిలినవి 29 స్క్వాడ్రన్లు. ఉండాల్సినవి 42. ఆ లోటును డ్రిల్ పట్టిన పిల్లలు తేలేదు. ఏళ్ల తరబడి ఫైళ్ల మీద కూర్చున్నవాళ్లు తెచ్చారు. తూట్లు పడ్డది అక్కడ.

వచ్చే బతుకమ్మకు ఆ అన్న మళ్లీ కలుస్తాడు. చేతగాదంటే ఈసారి నేను ఊకోను.